సర్వర్‌లో పెట్టిన గొంతు

బట్టల దుకాణంలో అందరూ అక్కని వసపిట్ట అనేవారు. పేరు పెట్టింది యజమానే అయినా, దాన్ని సార్థకం చేసుకున్నది మాత్రం అక్కే. జేబురుమాలు కొందామని వచ్చిన మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టి, మాటల్లో పెట్టి, ఇంట్లో ఉన్న కిటికీలన్నిటికీ పరదాలు కొనిపించి పంపేది. కొన్నవాడు కూడా నవ్వుతూనే వెళ్ళేవాడు. సాయంత్రం ఇంటికొచ్చాక ఆ భాగోతమంతా బావకు మళ్ళీ మొదటినుంచీ వినిపించేది.

బావకు పుట్టుకతోనే చూపు లేదు. పెద్దాసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటరు. ఎప్పుడో పెళ్ళికి ముందు అక్క ఎవరి ఆరోగ్యమో కనుక్కుందామని ఆసుపత్రికి ఫోన్ చేస్తే, ఈయనగారు వార్డుకు కలపకుండా, సరిగ్గా వినపడలేదండీ, ఇంకోసారి చెప్పండి అంటూ చెప్పిందే చెప్పించాడట. చివరికి అక్కకు అనుమానం వచ్చి, చెవులు శుభ్రం చేసుకుని ఉద్యోగానికి రమ్మని గడ్డి పెట్టిందట. ఆ తిట్లకే పడిపోయానని బావ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ అక్క కొత్తగా వింటున్నట్లు సిగ్గుపడేది. ఆ సిగ్గు ఆయనకు కనపడదు కాబట్టి, "చాల్లే, సంబడం" అని పైకి అనేది.

ఆయన ఎన్నడూ అక్క ముఖం చూడలేదు. నలుపో తెలుపో ఆయనకు పట్టలేదు. ఆయనకు పెళ్ళామంటే ఆ గొంతే. గుమ్మంలో చెప్పులు విప్పుతూ మొదలై, వంటగదిలోకి వెళ్ళి, అక్కణ్ణుంచి బట్టలారేసే బాల్కనీలోకి పోయే ఆ గొంతు వెంటే ఆయన ముఖం కూడా తిరుగుతూ ఉండేది. అది చూసి చిన్నోడు ఎన్నిసార్లు నవ్వాడో.

చిన్నోడంటే అక్క తమ్ముడు. ముప్పై దాటి, నెత్తిన జుట్టు పల్చబడుతున్నా అక్కకు వాడు చిన్నోడే. కరెంటు కంపెనీలో ఉద్యోగం. రేపు ఊరు మొత్తం ఎంత కరెంటు కాలుస్తుందో ఇవాళే లెక్కగట్టి చెప్పడం వాడి పని. ఆ లెక్కలన్నీ కంప్యూటర్లో నోట్‌బుక్ అనే దాంట్లో చేస్తాడు. పేరుకే నోట్‌బుక్ గాని అందులో కాగితమేమీ ఉండదు. ఒక గడిలో నాలుగు వరుసల కోడ్ రాసి నడిపిస్తే, దాని జవాబు కిందనే వచ్చి కూర్చుంటుంది. బాగా లేదనుకుంటే మార్చి మళ్ళీ నడిపించుకోవచ్చు. అందులో వాడికి చెయ్యి తిరిగింది.

అలా ఉండగా అక్క గొంతు బొంగురుపోవడం మొదలైంది. అరిచి అరిచి అమ్ముతావు, పోక ఏమవుతుందని బావ ఆటపట్టించాడు. కషాయాలైపోయాయి, మాత్రలైపోయాయి. చివరికి బావ పనిచేసే ఆసుపత్రిలోనే గొట్టం వేసి చూసి, స్వరపేటికలో గడ్డ ఉందన్నారు. ఆ రకం గడ్డ ఉంచితే మనిషి దక్కదు, స్వరపేటిక మొత్తం తీసేయాలి, ఆ తర్వాత మాట రాదు అని డాక్టరు ఏదీ దాచకుండా చెప్పాడు. తర్వాత్తర్వాత ఏదో పరికరం పెట్టుకుంటే గరగరమని నాలుగు మాటలు పలకవచ్చట, కానీ అది ఈ గొంతు కాదని కూడా ఆయనే చెప్పాడు. అక్క అక్కడ ఏడవలేదు. బయటికొచ్చి వరండాలో చిన్నోడి చొక్కా పట్టుకుని ఒక్క మాట అడిగింది.

"నేను పోయినా మీ బావ తట్టుకుంటాడేమోరా. ఇంట్లో ఉండి కూడా మాట్లాడకపోతే ఎలా తట్టుకుంటాడు?"

చిన్నోడికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారేసరికి మాత్రం ఒక ఆలోచన వచ్చింది. ఆపరేషన్‌కు ఇంకా కొన్ని వారాల టైముంది. ఈలోగా అక్క ఇంట్లో మాట్లాడే మాటలన్నీ తన గొంతుతోనే రికార్డు చేసి పెట్టుకుంటే, తర్వాత ఒక బటన్ నొక్కితే ఆ మాట పలుకుతుంది. నోట్‌బుక్‌లో గడులకు బదులు బటన్లు కనపడేలా చేయొచ్చు. అక్కకు కోడ్ కనపడాల్సిన పని లేదు. కానీ వాడి లాప్‌టాప్‌లో ఉంటే అక్కకేం లాభం? ఆమె ఫోన్‌లో తెరుచుకోవాలి, దుకాణంలోనైనా ఇంట్లోనైనా పలకాలి. అంటే ఇంటర్నెట్లో ఎక్కడో ఒక సర్వర్ మీద పెట్టాలి.

నోట్‌బుక్‌లో చెయ్యి తిరిగినవాడే గాని, సర్వర్ దగ్గర చిన్నోడు పచ్చి పసివాడు. ఆఫీసులో ఆ పని వేరేవాళ్ళది, వీడెప్పుడూ వేలు పెట్టలేదు. సర్వర్లు అద్దెకిచ్చే ఒక హోస్టింగ్ కంపెనీ దగ్గర చోటు తీసుకుని నోట్‌బుక్ పంపాడు. తెరిస్తే తెల్ల పేజీ. వాడి లాప్‌టాప్‌లో ఏళ్ళ తరబడి పోగుపడిన సరంజామా అంతా ఆ సర్వర్‌కు తెలియదు కదా, ఏమేం కావాలో వరసగా రాసి దానికి చెప్పాలి. చెప్పాడు. ఈసారి బటన్లు వచ్చాయి, మైకు పలకలేదు. మైకు పలికితే శబ్దం ఫైల్‌లో పడలేదు. పంపడం, ముక్కు చిట్లించడం, మార్చడం, మళ్ళీ పంపడం. ఆదివారమంతా అదే గోల. సాయంత్రానికి అక్క ఫోన్‌లో లింకు తెరుచుకుని, ఎర్ర చుక్క నొక్కి "హలో హలో" అంటే అదే మాట తిరిగి వినిపించింది. అక్క చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. నీ కడుపు చల్లగుండ అని తమ్ముణ్ణి దీవిస్తే, మగపిల్లాణ్ణి అలా దీవించకూడదే అని బావ పక్కనుంచి నవ్వాడు.

బటన్ల పేర్లు అక్క చెప్తుంటే వాడు టైపు చేశాడు. పొద్దున, అన్నం, తాళాలు, ఎక్కడున్నావు, కోపం, బోలెడంత కోపం, ఒంట్లో బాలేదు, పడుకో. ఆఖర్న "ఊరికే" అనే బటన్ కూడా పెట్టమంది. ఊరికే అంటే అందులో ఏం చెప్తావని చిన్నోడు అడిగాడు. అక్క వాడి చెవి పట్టుకుంది.

"అవి మొగుడూ పెళ్ళాల మాటలు. నువ్వు వినకూడదు. ఒక్కటి కూడా. నా మీద ఒట్టు."

వాడు ఒట్టు వేశాడు. వేసినవాడు ఉత్తినే ఉండకుండా ఆ ఒట్టుకు తగ్గట్లు ఏర్పాటు కూడా చేశాడు. అక్క ఫోన్‌లో రికార్డు చేసింది నేరుగా సర్వర్‌లోకి పోయి అక్కడే ఉండేలా రాశాడు. తన లాప్‌టాప్‌లోకి ఒక్క ఫైలు కూడా దించుకోలేదు. వినకూడని మాటలు తన దగ్గర పెట్టుకోవడమే మర్యాద కాదనుకున్నాడు. అక్క రికార్డింగు మొదలుపెట్టిన నాటినుంచీ ఆ సర్వర్ జోలికే పోలేదు, నడుస్తున్నదాన్ని కెలకడమెందుకని.

అక్క దుకాణం వెనక గోడౌన్‌లో కూర్చుని రికార్డు చేసేది. చుట్టూ గోడలెత్తు గుడ్డ తానులు, బయటి శబ్దాలన్నీ వాటిలోనే ఇంకిపోయేవి. మధ్యాహ్నం బేరాలు పల్చబడగానే వసపిట్ట ఫోన్ పట్టుకుని లోపలికి పోయేది. కొన్నిసార్లు నవ్వులు వినపడేవి, కొన్నిసార్లు ఏమీ వినపడేది కాదని యజమాని తర్వాత చిన్నోడితో చెప్పాడు. ఒకరోజు బయటికొచ్చి, గొంతు రోజురోజుకీ పాడవుతోంది, మంచి మాటలన్నీ ముందే చెప్పేశాను, తిట్లు బొంగురుగా ఉన్నా పర్వాలేదు అందట. ఆపరేషన్ ముందు రోజు వరకూ అలాగే నింపింది.

ముగ్గురూ కలిసి ఒక మాట అనుకున్నారు. ఆసుపత్రిలో బటన్ నొక్కేది లేదు. అక్కడ మానిటర్ల కూతలు, ట్రాలీల చప్పుడు. మొదటి మాట ఇంట్లోనే వినాలని బావ కోరిక.

ఆపరేషన్ బాగానే జరిగింది. గడ్డ మొత్తం వచ్చేసిందన్నారు. అక్క మెడకు ఊపిరి కోసం రంధ్రం, ముక్కులో గొట్టం. బావ డ్యూటీ దిగగానే వార్డుకు వచ్చి మంచం పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకునేవాడు. ఆమె వేళ్ళు నొక్కేది, ఆయన నొక్కేవాడు. ఇంటికి పంపిస్తామన్న వారంలో ఆయన చిన్నోణ్ణి పక్కకు పిలిచి ఒక చిన్న కోరిక కోరాడు.

"మాట వచ్చే ముందు ఒక గంట లాంటిది మోగేలా పెట్టరా. మీ అక్క ఏదైనా చెప్పేముందు గాజులో గిన్నెలో ఏదోటి చప్పుడయ్యేది, నేను అటు తిరిగేవాణ్ణి. ఉన్నట్టుండి వచ్చేస్తే మొదటి మాట జారిపోతుంది నాకు. ఒక్క మాట కూడా పోగొట్టుకోవాలని లేదు."

అది ఎంతసేపు పనని చిన్నోడు సంబరంగా ఒప్పుకున్నాడు. మర్నాడు ఆఫీసులో భోజనాల వేళ నోట్‌బుక్ తెరిచి, గంట చప్పుడు ఒకటి చేర్చి, లాప్‌టాప్‌లో నడిపించి చూశాడు. అక్కడ వాడి సొంత "హలో హలో" ఒకటి ఉంది. గంట మోగి, హలో హలో అంది. కొత్త ప్రతిని సర్వర్‌కు పంపాడు. పేజీ తెరిస్తే బటన్లన్నీ వరసగా ఉన్నాయి. నొక్కి చూద్దామని వేలు పెట్టబోయి, ఒట్టు గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు. అక్కా బావల మాట తను ముందు వినడమేమిటని మూసేశాడు.

అక్కను ఇంటికి తెచ్చిన రోజు బావ సెలవు పెట్టి, నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని హాల్లో కూర్చున్నాడు. ఫ్యాను ఆపించాడు. వీధి వైపు కిటికీ వేయించాడు. అక్క మెడకు పల్చటి గుడ్డ చుట్టుకుని ఆయనకు ఎదురుగా కూర్చుంది. బాగా చిక్కిపోయింది గానీ కళ్ళు మెరుస్తున్నాయి. ఫోన్ తెరిచి, తమ్ముడి వైపు ఒకసారి గర్వంగా చూసి, ఏ బటన్ నొక్కాలో తేల్చుకోలేక కాసేపు తటపటాయించి, "ఊరికే" నొక్కింది.

గంట మోగింది. బావ ముఖం వెంటనే అటు తిరిగింది. పెదాలు కొద్దిగా విడివడి, తల కాస్త వంచి, ఏళ్ళ తరబడి ఆ ఇంట్లో ఆ గొంతు కోసం ఎలా ఎదురుచూసేవాడో అలాగే ఎదురుచూశాడు. ఏమీ రాలేదు.

అక్క మళ్ళీ నొక్కింది. గంట. పొద్దున నొక్కింది. గంట. కోపం నొక్కింది. గంట.

"నెట్ అందట్లేదేమోరా," అన్నాడు బావ ముఖం తిప్పకుండానే.

చిన్నోడు అప్పటికే లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకున్నాడు. సర్వర్‌లో అక్క మాటల ఫైళ్ళు ఏమేం ఉన్నాయో చెప్పమని ఒక గడిలో రాసి నడిపించాడు. జవాబుగా రెండు బ్రాకెట్లు వచ్చాయి. మధ్యలో ఏమీ లేదు. మళ్ళీ నడిపించాడు. అవే బ్రాకెట్లు.

వాడి లాప్‌టాప్‌లో ఒకసారి పెట్టిన ఫైలు పెట్టిన చోటే ఉంటుంది. సర్వర్ కూడా అంతేననుకున్నాడు. అది అలా కాదు. కొత్త ప్రతి పంపినప్పుడల్లా ఆ కంపెనీ పాత యంత్రాన్ని ఉన్నదున్నట్లు పారేసి, ఖాళీగా ఇంకొకటి తెరిచి, పంపిన ఫైళ్ళు మాత్రం అందులో పెడుతుంది. మధ్యలో వచ్చి చేరినవి యంత్రంతోపాటే పోతాయి. అలా పోకూడదంటే వాటిని విడిగా వేరేచోట దాచమని వాళ్ళ సహాయం పేజీలో రాసే ఉంది. చిన్నోడు ఆ పేజీ చదివాడు కూడా. తనకు పనికొచ్చే ముక్క వరకూ చదివి, మిగతాది కిందికి జరిపేశాడు.

బాల్కనీలోకి వెళ్ళి ఆ కంపెనీ మనిషితో మాట్లాడాడు. అవతలి మనిషి చాలా మర్యాదగా, అలా పోయినవాటిని తిరిగి తెచ్చే మార్గం తమ దగ్గర లేదని చెప్పి, ఇంకేమైనా సహాయం కావాలా అని అడిగాడు. వాడు తాడు మీద ఆరేసిన బావ తువాలు పట్టుకుని కాసేపు నిలబడి, లోపలికి వచ్చాడు.

"అక్కా, పోయాయి. అన్నీ పోయాయి. గంట పెట్టడానికి కొత్తది ఎక్కించాను కదా, అప్పుడే పోయాయి."

"నీ దగ్గర ఇంకోటి ఉంటుంది కదరా," అన్నాడు బావ.

"లేదు బావా. వినకూడదని అక్క ఒట్టు పెట్టింది. విననివి నా దగ్గరెందుకని దించుకోలేదు."

బావ మెల్లిగా, "గంట అడిగింది నేనేగా," అన్నాడు. ఆ మాట చిన్నోడు భరించలేకపోయాడు. తన్నినా బాగుండేది.

అక్క లేచి వాడి ముందుకొచ్చి నిలబడింది. నోరు తెరిచి తిట్టడం మొదలుపెట్టింది. పెదాలు గబగబా ఆడుతున్నాయి, కళ్ళు ఎర్రబడ్డాయి, చేతులు తిప్పుతోంది, మెడ దగ్గర గుడ్డ ఊపిరికి ఎగిరెగిరి పడుతోంది. గాలి తప్ప ఏమీ బయటికి రావడం లేదు. ఎంత తిట్టిందో, ఏం తిట్టిందో చూసింది చిన్నోడొక్కడే. మొగుడు ఆ గదిలోనే నాలుగడుగుల దూరంలో కూర్చుని, అందరూ ఎందుకు ఊరుకున్నారో తెలియక ముఖం అటూ ఇటూ తిప్పుతున్నాడు.

తిట్టి తిట్టి అలిసిపోయి అక్క మందుల చీటీ వెనక పెన్నుతో గబగబా ఏదో రాసింది. చిన్నోడి చేతిలో పెట్టి, బావ వైపు వేలు చూపించింది. చదివి వినిపించమని. "ఏమయ్యోయ్, వచ్చేశాను," అని మొదటి వరస చదివాడు. మగ గొంతు, జలుబు చేసినట్లున్న గొంతు. ఏళ్ళుగా అక్క గుమ్మంలోంచి పాడినట్లు అనే మాటను ఆ గొంతు కరెంటు లెక్కలా చదివింది. రెండో వరస "ఊరికే బటన్‌లో ఏం చెప్పానంటే" అని మొదలైంది. బావ చెయ్యెత్తాడు.

"ఆపరా. నీ గొంతుతో వద్దు. అది నాకు దాని నోట్లోంచే రావాలి. లేకపోతే అక్కర్లేదు."

వాడు చీటీ అక్కకు తిరిగి ఇచ్చేశాడు. ఆ మాటలేమిటో వాడికి ఈనాటికీ తెలియదు.

తర్వాత వాడు చేయని ప్రయత్నం లేదు. పెళ్ళి వీడియో వెతికి తీస్తే, వాయిద్యాల హోరులో అక్క నోరు కదలడం తప్ప ఏమీ దొరకలేదు. బావా అక్కా ఎప్పుడూ ఫోన్లో నేరుగా మాట్లాడుకున్నవాళ్ళే, సందేశాలు దాచుకున్నవాళ్ళు కాదు. దుకాణం యజమాని ఫోన్‌లో "నీలం తాను అయిపోయిందండీ" అన్న ముక్క ఒకటి దొరికింది. దాన్ని పట్టుకుని, గొంతును అనుకరించే ప్రోగ్రాముకు తినిపించి, ఒక వాక్యం పలికించి బావకు వినిపించాడు. ఆయన మర్యాదగా చివరిదాకా విని, ఇదెవరురా, బాగానే మాట్లాడుతోంది అన్నాడు. చిన్నోడు మళ్ళీ ఆ పని పెట్టుకోలేదు.

చివరికి లోకంలో అందరికీ దొరికే దారే మిగిలింది. బావ ఫోన్‌లో మొదటినుంచీ టైము చెప్పే ఒక యంత్రపు ఆడగొంతు ఉంది. బావ ఆమెను ఆవిడ అనేవాడు. ఆవిడ టైము చెప్పింది, ఆవిడకు వేళాపాళా తెలియదు, మీటింగు మధ్యలో అరుస్తుంది అని అక్క దగ్గర జోకులు వేసేవాడు. ఇప్పుడు అక్క తన ఫోన్‌లో టైపు చేస్తే ఆవిడే చదివి వినిపిస్తోంది. పనులు ఆగడం లేదు. గ్యాస్ అయిపోయిందని, మందు వేసుకోమని, తలుపు దగ్గర నీళ్ళున్నాయి జాగ్రత్త అని ఆవిడ ఒకే స్వరంతో చెప్తోంది. చిన్నోడు వారం వారం వచ్చి వింటున్నాడు. అక్క రాసే మాటలు కూడా తగ్గిపోతున్నాయని వాడికి అర్థమైంది. వసపిట్ట ఇప్పుడు అవసరానికి తప్ప టైపు చేయడం లేదు. తన మొగుడితో ఇంకో ఆడదాని చేత మాట్లాడించడం దానికి చేతకావడం లేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం చిన్నోడు, బావ హాల్లో కూర్చున్నారు. అక్క వంటగదిలో ఉంది. బావ కాసేపు ఆసుపత్రి కబుర్లు చెప్పి, గొంతు తగ్గించాడు.

"మీ అక్కతో అనకు. డాక్టర్లు బతికించారు, నాకంతకన్నా ఏం కావాలి అని రోజూ అనుకుంటున్నాను. అది చెయ్యి పట్టుకుంటే దాని చెయ్యే అని తెలుస్తోంది. చెయ్యి వదిలేశాక ఎటు పోయిందో తెలియట్లేదురా. ఇల్లంతా ఆవిడే ఉంది. నాకు మీ అక్క కావాలి."

ఆయన ఏడుస్తున్నాడు. చిన్నోడు తలెత్తేసరికి అక్క గుమ్మంలో ఉంది. రెండు టీ గ్లాసులు పట్టుకుని, ఎప్పుడొచ్చిందో ఏమో, కదలకుండా నిలబడి ఉంది. అంతా విన్నదని ముఖం చూస్తేనే తెలుస్తోంది. ఆమె చేతుల్లో గ్లాసులు రెండూ ఒకదానికొకటి తగిలి చిన్నగా చప్పుడయ్యాయి.

బావ చప్పున ముఖం తుడుచుకుని అటు తిరిగాడు. "ఎవరది?" అన్నాడు.

అక్క తమ్ముడి వైపు చూసి, వద్దన్నట్లు తల అడ్డంగా ఊపింది. ఆయన ఏడుపు తను విన్నట్లు ఆయనకు తెలియకూడదని బతిమాలుతున్న చూపు అది. తర్వాత అడుగులో అడుగు వేసుకుంటూ, చప్పుడు కాకుండా వెనక్కి వెళ్ళిపోయింది.

"ఎవరూ లేరు బావా," అన్నాడు చిన్నోడు.